చావడిలో చెప్పిన కథ

“లే. ఆ మూట ఇటియ్యి,” అంది రజియాబీ.

రహీమున్నీసా మూట మీది నుంచి లేవలేదు. రెండు బొంతలు, జొన్నపిండి సంచి, చెల్లెలి బట్టలు అన్నీ అందులోనే ఉన్నాయి. తను దాని మీద కూర్చున్నంతసేపు అమ్మ ఊరు విడిచి పోలేదని ఆ పదమూడేళ్ల పిల్ల ధీమా.

“అబ్బాను చావట్ల కూసోబెట్టి మనం పోతమా అమ్మీ?”

“మీ అబ్బానే పొమ్మన్నడు. రొట్టెలు ఇయ్యనీకె పోతే చెయ్యి పట్టుకొని చెప్పిండు. యాద్గీర్ దిక్కు మీ మామ ఉన్నడు, పిల్లల్ని తోల్కపో అన్నడు. ఇయ్యాల చావట్ల అడుగుతరంట, రేపు పొద్దుగాల నాగర్‌కర్నూలు పోలీసు అమీనుకు అప్పజెప్తరంట. గప్పుడు దొంగ పెండ్లామని నన్ను, దొంగ బిడ్డలని మిమ్ములను అంటరు. ఆ మాట చెవుల పడకముందే పొలిమేర దాటాలె.”

“అబ్బా దొంగ గాదు.”

“నాకు తెల్వదా?”

“మరి పోతే దొంగనే అంటరు. పారిపోయిండ్రు సూడుండ్రి అంటరు.”

రజియాబీ గూట్లో మిగిలిన కళాయి తగరం ముక్కను కొంగున ముడివేసుకుంది. మూలనున్న కొలిమితిత్తి వైపు చూసింది. దాన్ని మోయడానికి ఇంట్లో మగమనిషి లేడు. చూపు తిప్పుకుంది.

తెలకపల్లికి వచ్చి రెండేళ్లయినా ఆ ఇంటికి ఇంకా ఊరు అలవాటు కాలేదు. కన్నడదేశంలో వానలు లేక, అన్నం పెట్టే ఊళ్లు వెతుక్కుంటూ వచ్చిన సంసారం అది. పిల్లల తండ్రి ఖాజా మియా చేతిలో రాగి గిన్నెలకు తగరం పూత పూసే కళాయి పని ఉంది కనుక ఎక్కడైనా బతకొచ్చనుకున్నాడు. ఆ కళాయే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

ఊరి పెద్దింటి సుభద్రమ్మ గారి పెద్ద రాగి గంగాళం కళాయికి వచ్చింది. ఖాజా మియా కళాయి పోశాడు, నెత్తిన పెట్టుకొని పోయి తిరిగి ఇచ్చి వచ్చాడు. ఆనాడు సుభద్రమ్మ కూతురి కాన్పుకని బిజినేపల్లి వెళ్లి ఉంది. ఇంటి పెత్తనం చూసే ఆమె తమ్ముడు రామన్న చేతికి అప్పగించాడు. ఇప్పుడు రామన్న తనకు గంగాళం అందనే లేదంటున్నాడు. యుద్ధం మొదలయ్యాక రాగి ధరకు రెక్కలొచ్చాయి. బతకొచ్చినవాడు అమ్ముకొని ఉంటాడని ఊరు సులువుగా నమ్మేసింది.

“నేను పోయి చెప్త,” అంది రహీమున్నీసా. “రామన్న కాక ఏం చేసిండో నేను, చెల్లె చాంద్ ఇద్దరం చూసినం.”

రజియాబీ గబుక్కున వచ్చి కూతురి నోటి మీద చెయ్యి పెట్టింది.

“ఈ మాట నాతోటి అన్నవ్, చాలు. గోడకు గూడ చెప్పకు. ఎవరి మీద చెప్తవ్? వాళ్ల ఇంటి అన్నం మెతుకులు ఇంక మన గోర్లల్లనే ఉన్నయి. పెద్దపిల్లవైనవ్, నలుగురు మొగోళ్ల నడుమ నిలబడ్తవా? నిలబడ్డవే అనుకో, నీ మాటకు నవ్వకుండ ఎవరుంటరే?”

చివరి మాట తగలవలసిన చోట తగిలింది. రహీమున్నీసా తల దించుకుంది.

వచ్చిన కొత్తలో ఎవరో మజ్జిగ పోయబోతే చాంద్‌బీ “బేడ” అంది. వద్దని చెప్పడానికి ఆ పిల్లకు వచ్చిన కన్నడ మాట అదే. ఆ రోజు నుంచి వాడకట్టు పిల్లలకు వీళ్లు బేడక్క, బేడచెల్లె అయిపోయారు. ఇంట్లో తురకమాట, వెనక వదిలి వచ్చిన వీధిలో కన్నడం, ఇక్కడ తెలుగు. మూడూ కలగలిసి నోట్లోంచి వస్తుంటే నవ్వులు వినలేక రహీమున్నీసా మాట్లాడటమే మానేసింది.

ఆ నోరు తెరిపించింది సుభద్రమ్మే.

మధ్యాహ్నాలు ఆమె తన వసారాలో పాత కావ్యం ఒకటి రాగం తీసి చదివి, చుట్టూ చేరిన ఆడవాళ్లకు అర్థం చెప్పేది. రహీమున్నీసా మెట్ల కింద నిలబడి వినేది. ఒకరోజు వర్తకుడి ఓడ మునిగే ఘట్టం వచ్చింది. సముద్రం ఎట్లుంటదని ఎవరో అడిగారు. అక్కడ సముద్రం చూసినవాళ్లు లేరు. “సముద్రం తెల్వదు అవ్వా, ఏరు తెలుసు,” అని మెట్ల కింది నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. ఎక్కడో ఎగువన పడ్డ వానలకు వరదెత్తిన కృష్ణను పుట్టిలో దాటిన సంగతి ఆ పిల్ల చెప్పింది. పుట్టి బొంగరంలా తిరగడం, అమ్మ కళ్లు మూసుకొని దువా చదవడం, నీళ్లలో కొట్టుకుపోతున్న ఎవరిదో ఊయల. మాటలు తడబడ్డాయి. కానీ వసారాలో ఎవరూ నవ్వలేదు. అంతా అయ్యాక సుభద్రమ్మ, “ఇప్పుడు చదువుత, ఇప్పుడర్థమైతది మీకు పద్యం,” అని మళ్లీ మొదటి నుంచి చదివింది.

అప్పటి నుంచి ఆమె పద్యం చదివితే, సాయంత్రం అదే కథను అక్కాచెల్లెళ్లు ఆమె వాకిట్లో పిల్లలకు చెప్పేవాళ్లు. అక్క చెబుతుంటే చెల్లెలు ఆడి చూపించేది. బేడక్క అని పిలిచిన పిల్లలే ముందు వరసలో కూర్చునేవాళ్లు.

ఆ వసారాకే ఇప్పుడు ఎదురు నిలవాలి.

“రజియా,” అని గుమ్మం బయట పిలుపు.

తల్లీకూతుళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. సుభద్రమ్మ. ఆమె ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. కట్టిన మూటను చూసింది, రజియాబీ మొహం చూసింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూర్చోనూ లేదు.

“పోతున్నరా?”

“మీ వస్తువ పోయింది తల్లీ. మా మొగోడు చావట్ల ఉన్నడు. ఇంక ఏం మొహం పెట్టుకొని ఉంటం?”

“నా వస్తువ మీరు తీసిండ్రని నేనన్ననా?”

“తీయలేదని గూడ అనలేదు గద తల్లీ.”

సుభద్రమ్మ మళ్లీ మూట వైపు చూసింది. బయట ఎవరి కోడో పిల్లల్ని పిలుచుకుంటోంది.

“అవ్వా,” అంది రహీమున్నీసా, మూట మీది నుంచి లేచి. “ఆ దినం నేను మీ వసారాలనే ఉన్న. నేను చూసిన.”

“రహీమా!” అని రజియాబీ కేక వేసింది.

సుభద్రమ్మ చెయ్యెత్తింది. ఆపింది తల్లినా, పిల్లనా అన్నది ఒక క్షణం ఎవరికీ తెలియలేదు.

“ఆగు బిడ్డా. నాకు చెప్పకు.”

పిల్ల మొహం వాడిపోయింది.

“నా ఒక్కదాని చెవుల చెప్తే నేను దాచుకుంటనేమో. వాడు నేను సాకిన తమ్ముడు. మా అమ్మ సచ్చిపోయేటప్పుడు వాని చెయ్యి నా చేతిల పెట్టింది. నా మీద నాకే నమ్మకం లేదు. చావట్ల చెప్పు. అందరు విన్నంక నేను దాచనీకె ఉండదు.”

ఆ మాట అని ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. రజియాబీ నెత్తిన కొంగు కప్పుకుంది.

“పోదమా?” అని అడిగింది చాంద్‌బీ, ఊరు విడిచి పోవడమేమో అనుకొని.

“పోదం,” అంది రజియాబీ. మూటను మాత్రం ముట్టుకోలేదు.

చావడి ముందు అప్పటికే మనుషులు నిండారు. పోలీసు పటేలు శాంతయ్య గడప పక్కన మంచం వేసుకొని కూర్చున్నాడు. ఖాజా మియా గోడకు ఆనుకొని ఉన్నాడు. పెండ్లాం, బిడ్డలు ఊరు దాటి ఉంటారనుకున్నవాడు వాళ్లను చూడగానే తల అడ్డంగా ఊపాడు, పొండి పొండి అన్నట్టు. ఆడవాళ్ల వైపు స్తంభం దగ్గర సుభద్రమ్మ కూర్చుంది.

రామన్న ముందుకొచ్చాడు. మాట్లాడబోయే ముందు తువ్వాలను ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చుకొని దగ్గడం అతని అలవాటు.

“నేను చెప్పేది ఒక్కటే పటేలా. గంగాళం కళాయికి పోయింది, మళ్ల ఇంటికి రాలె. కళాయి అయినంక ఆ వస్తువ మొహం నేను చూడలె. ఊరు పేరు లేనోళ్లకు ఇండ్లిచ్చి కూసోబెట్టుకుంటే గిట్లనే అయితది.”

“ఖాజా, నువ్వేమంటవ్?”

“ఇచ్చిన పటేలా. రామన్న చేతికే ఇచ్చిన.”

“ఇచ్చేటప్పుడు చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

ఖాజా మియా నేల చూశాడు. తన పిల్లలు ఆ రోజు సుభద్రమ్మ వాకిట్లోనే ఉండిపోయారన్నది అతనికి తెలుసు. కానీ వాళ్లను ఈ జనం నడుమకు ఈడ్చడం ఇష్టం లేక పెదవి కొరుక్కున్నాడు.

“నేనున్న,” అంది రహీమున్నీసా.

తలలన్నీ తిరిగాయి. పిల్ల రెండడుగులు ముందుకేసింది. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నది చెదిరిపోయింది, ఇచ్చాడనే మాట ముందు కన్నడంలోనే వచ్చింది.

“నమ్మ అబ్బా... గంగాళ తగొండు... కొట్టరు... ఇచ్చిండు...”

వెనక నుంచి ఎవరో “బేడ!” అన్నారు. నవ్వు చావడి అంతా పాకింది. రామన్న కూడా నవ్వాడు. “ఏం భాషనో ముందు అడుగుండ్రి పటేలా, తర్వాత సాక్ష్యం అడుగుదురు.”

రహీమున్నీసాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టూ మొహాలు అలుక్కుపోయాయి.

“ఊఁ,” అని వినిపించింది.

స్తంభం దగ్గర నుంచి. సాయంత్రాలు వాకిట్లో వీళ్ల కథ మొదలయ్యే ముందు సుభద్రమ్మ కొట్టే ఊఁ అది. చెప్పు, నేను వింటున్నానని.

రహీమున్నీసా కళ్లు తుడుచుకుంది. నిలబడిన చోటే మఠం వేసుకొని కూర్చుంది. చాంద్‌బీని చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది. పటేలు వైపు గానీ, రామన్న వైపు గానీ చూడలేదు. ఎదురుగా వాడకట్టు పిల్లలు ఉన్నారనుకుంది.

“పొద్దు పడమటికి వాలింది,” అని మొదలుపెట్టింది. “అవ్వ వాకిట్ల బాయి నీడ గోడెక్కింది. మా అబ్బా నెత్తిన గంగాళం పెట్టుకొని దర్వాజల అడుగు పెట్టిండు. గంగాళం గాదది, నెత్తిన చందమామ.”

“ఊఁ,” అంది సుభద్రమ్మ. పక్కన ఇంకెవరో ఆడమనిషి కూడా తెలియకుండానే “ఊఁ” అంది.

“అరుగు మీద రామన్న కాక కూసున్నడు. అబ్బాను చూసి లేచిండు. లేచి ఏం జేసిండు?”

చాంద్‌బీ లేచింది. అమ్మ కొంగు కొస పట్టుకొని ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చి, గంభీరంగా దగ్గింది. జనం గొల్లుమన్నారు. ఈసారి నవ్వు పిల్లల మీద కాదు. శాంతయ్య పటేలు కూడా మీసాల చాటున పెదవి బిగించుకున్నాడు.

“అబ్బా కిందికి దించినంక గంగాళంలకు తొంగి చూసిండు కాక. కొత్త కళాయి గద, అద్దం తీరుగ ఉన్నది. తన మొహం కనపడ్డది. మీసం దిద్దుకున్నడు.” చాంద్‌బీ వంగి లేని గంగాళంలోకి చూసుకొని లేని మీసం మెలేసింది. “‘మంచిగ పోసినవ్ ఖాజా, గా పక్కకు పెట్టు’ అన్నడు. కళాయి అయినంక గంగాళం మొహం చూడలె అంటుండు గదా. మొహం గంగాళంలనే చూస్కున్నడు.”

నవ్వు ఆగిపోయింది. గుసగుసలు మొదలయ్యాయి.

“బంజెయ్యుండ్రి ఈ బాగోతం!” అని అరిచాడు రామన్న. “పటేలా, ఎదిగిన ఆడపిల్లను నడిబజార్ల కూసోబెట్టి ఆడిస్తుండ్రు. ఇజ్జత్ లేని మనుషుల మాట మీరు...”

“ఇజ్జత్ గురించి నువ్వు చెప్పకు రామన్నా!”

ఆ గొంతు రజియాబీది. రెండేళ్లలో ఆ ఊరు ఆమె గొంతు వినడం అదే మొదలు. ఆమె ఆడవాళ్ల నడుమ నుంచి లేచి వచ్చి కూతుళ్ల వెనక నిలబడింది. “నా బిడ్డను చెప్పనియ్యి. మొత్తం చెప్పినంక నవ్వుతరో, కొడ్తరో మీ ఇష్టం.”

“చెప్పు బిడ్డా,” అన్నాడు శాంతయ్య.

“అబ్బా పోయిండు. మేం పోలె. అవ్వ లేని వసారా బోసిగున్నది. మేం ఇద్దరమే ఓడ కథ ఆడుకున్నం. చాంద్ వర్తకుడు, నేను గాలి. గాలి మస్తుగ వీస్తున్నది, ఓడ ఊగుతున్నది. గప్పుడు దొడ్డి దర్వాజ తీసిన చప్పుడైంది. గాలి ఆగింది. మేం స్తంభం చాటుకు పోయినం.”

“ఊఁ.” ఇప్పుడు చావడిలో సగంమంది అన్నారు.

“బండి వచ్చింది. బండిల ముందుగాల గడ్డి పరిచిండ్రు. గడ్డి మీద గొంగడి పరిచిండ్రు. గొంగడి మీద...”

రహీమున్నీసా ఆగింది.

తలెత్తి సుభద్రమ్మను చూసింది. ఇంతవరకు ప్రతి మాటకూ ముందు వచ్చిన ఊఁ ఈసారి రాలేదు. స్తంభానికి ఆనిన ఆమె తల కదలలేదు. జనం కూడా ఆమె వైపే చూశారు. రామన్న “అక్కా,” అన్నాడు చిన్నగా. చిన్నప్పుడు దెబ్బ తగిలితే పిలిచినట్టు పిలిచాడు.

సుభద్రమ్మ కళ్లు మూసుకుంది.

“ఊఁ,” అంది. “ఆపినవేం? చెప్పు బిడ్డా.”

“గొంగడి మీద గంగాళం బోర్లించిండ్రు. మళ్ల గడ్డి కప్పిండ్రు. ఒక దిక్కు పట్టింది రామన్న కాక. ఇంకో దిక్కు పట్టినోళ్లు ఎవరో నేను చెప్ప. ఆ మనిషి ఎత్తేటప్పుడు ‘అమ్మ వచ్చినంక పోదుము కాకా’ అన్నడు. ఇయ్యాల ఈడనే ఉన్నడు. ఆయనకు నోరున్నది. ఆయనే చెప్తడు.”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వెనక వరసలో ఒక మనిషి లేచాడు. సుభద్రమ్మ ఇంట్లో ఏళ్లుగా జీతమున్న మాసయ్య. నెత్తి రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అవును పటేలా. నేనే ఎత్తిన. అమ్మనే అమ్ముమన్నదని చెప్పిండు, నమ్మిన. నాగర్‌కర్నూల్ల ఓ కంచర దుకాణంల దించి వచ్చినం. ఖాజాను పట్టుకొచ్చిన కాడికెల్లి ముద్ద దిగుతలేదు. చెప్పాలంటే భయమైంది. ఆ పసిపిల్లకు లేని భయం నాకెందుకయ్యా.” అతను సుభద్రమ్మ వైపు తిరిగి దండం పెట్టాడు. “తప్పైంది తల్లీ.”

ఆ తర్వాత చావడిలో ఎవరేమన్నారో రహీమున్నీసాకు సరిగా వినిపించలేదు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. శాంతయ్య పటేలు లేచి ఖాజా మియా భుజం మీద చెయ్యి వేయడం కనిపించింది. “ఇంటికి పో ఖాజా. తప్పు మాది,” అన్నది మాత్రం వినిపించింది. మరుక్షణం అబ్బా తన ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. కళాయి మసి పట్టిన చేతులతో తన మొహాన్ని పట్టుకొని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

“ఇంత మాట యాడ దాచినవే రహీమా? ఇంత మాట!”

“దాచలే అబ్బా. మీరెవరు అడగలే.”

ఇందాక “బేడ” అన్న గొంతే దగ్గరికొచ్చింది. వాడకట్టులోని హన్మమ్మ కోడలు. “మీసం కాడ ఇంకోసారి చెయ్యమను మీ చెల్లెను,” అంది సిగ్గుపడుతూ. చాంద్‌బీ అడిగిన ప్రతివాళ్లకూ చేసి చూపించింది. ఖాజా మియా ఇంటి దాకా జనం వెంట వచ్చారు. పెండ్లి ఊరేగింపు కూడా అంత సందడిగా ఉండదు.

ఇంట్లో అడుగుపెట్టగానే రజియాబీ మూట విప్పి బొంతలు దులిపింది.

కానీ సుభద్రమ్మ సంగతి తేలలేదు. “వస్తువ నీది, మనిషి నీవాడు. ఫిర్యాదు ఇస్తవా, మాఫ్ చేస్తవా?” అని పటేలు అడిగితే, “పొద్దున చెప్త,” అని ఒక్క మాట అని లేచిపోయింది. రామన్న అప్పటికే జనంలోంచి జారుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు, ఎవరూ పిలవకపోయినా, ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె వసారా చేరారు. రహీమున్నీసా మెట్ల కింద ఆగింది. ఆ ఇంట్లో తనకు ఇంక చోటుందో లేదో తెలియదు.

తలుపు తెరుచుకుంది. సుభద్రమ్మ కావ్యం చేత పట్టుకొని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తను రోజూ కూర్చునే పీట వైపు చూపించింది.

“పైకి రా. ఇయ్యాల నాకు గొంతు లేదు. నువ్వు చెప్పు.”

“నేనా? పద్యం రాదు అవ్వా.”

“పద్యం రేపటి నుంచి నేర్పుత. కథ వచ్చు గద.”

రహీమున్నీసా మెట్లెక్కింది. పీట మీద కూర్చుంది. వర్తకుడు కొత్త ఒడ్డున కళ్లు తెరిచిన చోటు నుంచి ఎత్తుకుంది. మూడు భాషల మాటలూ కలిసే వచ్చాయి. ఈసారి ఆమె వాటిని విడదీయాలని చూడలేదు. వెనక కూర్చున్న రజియాబీ ఒళ్లో చాంద్‌బీ తన వంతు కోసం కాచుకొని ఉంది.

నాలుగు మాటలు అయ్యాయో లేదో ఆడవాళ్లంతా ఒక్కసారి దర్వాజ వైపు తిరిగారు.

రామన్న. తువ్వాల లేదు. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. లోపలికి అడుగు వేయలేదు, వెనక్కీ పోలేదు.

రహీమున్నీసా గొంతు ఆగింది. సుభద్రమ్మ తమ్ముడి వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు. వచ్చిందెవరో ఆమెకు తెలుసు.

“ఆగకు బిడ్డా,” అంది. “జర గట్టిగ చెప్పు. దర్వాజ దాక వినపడాలె.”